కార్బమజెపైన్ సహస్ఫటికం నీటిలో మొదట బాగా కరిగి, గంటలో ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న – ఎం.ఫార్మసీ విద్యార్థి, నల్లగొండ

మూర్ఛకు వాడే కార్బమజెపైన్ నీటిలో సరిగా కరగదు కనుక, దాన్ని నికోటినమైడ్‌తో 1:1 మోలార్ నిష్పత్తిలో కలిపి, కొన్ని చుక్కల మిథనాల్ వేసి కల్వంలో నూరి సహస్ఫటికం (రెండు పదార్థాల అణువులు ఒకే స్ఫటికంలో అమరిన రూపం) తయారుచేశాను. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటిక రూపాన్ని గుర్తించే పరీక్షలో) రెండు ముడి పదార్థాల పీకులూ పోయి కొత్తవి వచ్చాయి. 37 డిగ్రీల నీటిలో అవసరానికి మించి పొడి వేసి చూస్తే, మొదటి పదిహేను నిమిషాల్లో మామూలు మందు కంటే చాలా ఎక్కువ కరిగింది. గంట గడిచేసరికి ఆ ఆధిక్యం అంతా పోయింది. అడుగున మిగిలినదాన్ని వడగట్టి, 60 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి మళ్లీ ఎక్స్‌ఆర్‌డీ తీయిస్తే నిర్జల (లోపల నీటి అణువులు లేని) కార్బమజెపైన్ మాత్రమే కనిపించింది. సహస్ఫటికం విడిపోయి పాత మందే మిగిలిందని థీసిస్‌లో రాయవచ్చా? అలాగైతే ఇంత శ్రమకు ఫలితం ఏమిటన్నది నా బాధ.

జవాబు – బల్క్ డ్రగ్ పరిశ్రమలో స్ఫటికీకరణ విభాగం, జడ్చర్ల

దయచేసి అలా రాయకండి. మీ ఓవెన్ అసలు సాక్ష్యాన్ని చెరిపివేసి ఉంటుందని నా అనుమానం. కార్బమజెపైన్‌కు నీటిలో స్థిరమైన రూపం నిర్జల రూపం కాదు, రెండు నీటి అణువులను తనలో ఇముడ్చుకున్న డైహైడ్రేట్. అది సూదుల్లాంటి స్ఫటికాలుగా పెరుగుతుంది, నిర్జల రూపం కంటే తక్కువగా కరుగుతుంది. నికోటినమైడ్ నీటిలో ఎంతో సులువుగా కరిగే పదార్థం కాబట్టి అది ముందుగా వెళ్లిపోతుంది. వెనుక మిగిలిన మందు నీటిలో ఇమడగలిగిన దానికంటే ఎక్కువ మోతాదులో ఉండి, డైహైడ్రేట్‌గా బయటపడుతుంది. దాన్ని మీరు 60 డిగ్రీల్లో రాత్రంతా ఉంచితే లోపలి నీరు పోయి మళ్లీ నిర్జల రూపమే మిగులుతుంది.

ఈసారి వడగట్టిన పొడిని ఫిల్టర్ కాగితాల మధ్య అద్ది, గది ఉష్ణోగ్రతలోనే ఆరనిచ్చి వెంటనే పరీక్షించండి. టీజీఏ (వేడిచేస్తూ బరువు తగ్గడాన్ని కొలిచే పరికరం) ఉంటే ఇంకా తేలిక: కార్బమజెపైన్ అణుభారం 236.3, రెండు నీటి అణువులది 36 కాబట్టి, శుద్ధమైన డైహైడ్రేట్ వేడిచేస్తే 13.2 శాతం బరువు కోల్పోవాలి. అంతకంటే ముందు ఫ్లాస్కు నుంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడండి. దానికి ఖర్చేమీ లేదు, చాలామంది చేయరు.

జవాబు – ఫార్మసీ అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్

పై మిత్రులు చెప్పింది సరైనదే. అయితే మీ శ్రమ వృథా కాలేదు. ఎక్కువగా కరిగే ప్రతి రూపమూ తక్కువ స్థిరత్వం గల రూపమే; ఆ ఎత్తు నుంచి మందు కిందికి దిగడం తప్పదు, ఎంతసేపటికి దిగుతుందన్నదే మన చేతిలో ఉన్నది. నీటిలో కొద్దిగా హెచ్‌పీఎంసీ (మాత్రల తయారీలో వాడే సెల్యులోజ్ పాలిమర్) కలిపి అదే ప్రయోగం చేయండి. ఆ పాలిమర్ డైహైడ్రేట్ స్ఫటికాలు పుట్టడాన్నీ పెరగడాన్నీ నెమ్మదింపజేస్తుంది కనుక, మీ పదిహేను నిమిషాలు పెరిగే అవకాశం ఉంది. నికోటినమైడ్ బదులు సాకరిన్‌తో చేసిన సహస్ఫటికాన్నీ పక్కన పెట్టి పోల్చండి. రెండింటి మధ్య తేడాను సహభాగి (మందుతో జతకట్టిన రెండో పదార్థం) కరిగే గుణంతో ముడిపెట్టి వివరించగలిగితే, థీసిస్‌లో అదే బలమైన అధ్యాయం అవుతుంది.

ఇంకొక మాట. పొడిగా ఉన్నప్పటి స్థిరత్వం వేరు, నీటిలో పడిన తర్వాతి స్థిరత్వం వేరు. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు చెక్కుచెదరని పొడి కూడా ఫ్లాస్కులో గంటలో మారిపోవచ్చు. ఈ రెండింటినీ ఒకే శీర్షిక కింద కలిపి రాయవద్దు.

జవాబు – మందుల దుకాణం, కల్వకుర్తి

నేను పరిశోధకుణ్ని కాను, కానీ ఈ మందు రోజూ నా చేతి మీదుగా వెళ్తుంది. తేమ తగిలిన కార్బమజెపైన్ మాత్రలు ప్రభావంలో మూడో వంతు వరకు కోల్పోవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 1990లో హెచ్చరించింది. మా దగ్గర చాలామంది మాత్రలను స్ట్రిప్ నుంచి ముందే విడదీసి డబ్బాలో పోసి, వంటింట్లో పెట్టుకుంటారు. వానాకాలంలో అలా ఉంచిన మందు పనిచేయక ఫిట్స్ తిరిగివస్తే, మోతాదు చాలలేదని అనుకుంటారు. మీరు కొత్త రూపం చేసినా, అది ఏ పొట్లంలో నిలుస్తుందో కూడా చూడండి.

జవాబు – జడ్చర్ల మిత్రులే మళ్లీ

పొట్లం సంగతి వచ్చింది కాబట్టి రిటోనావిర్ ఉదంతం కూడా చెప్పాలి. ఆ హెచ్ఐవీ మందు 1996లో మార్కెట్‌లోకి వచ్చినప్పుడు ఒకే స్ఫటిక రూపం తెలుసు. 1998లో ఎవరూ ఎదురుచూడని రెండో రూపం క్యాప్సూళ్లలో కనిపించింది. మరింత స్థిరమైనదైనందువల్ల అది తక్కువగా కరిగేది. కొత్త రూపం కణాలు సోకిన చోట పాత రూపాన్ని మళ్లీ చేయడమే కష్టమైంది, క్యాప్సూళ్లను ఉపసంహరించుకోవలసి వచ్చింది. అందుకే మా విభాగంలో ఏ రూపాన్నైనా ఎంచుకునే ముందు, రకరకాల ద్రావకాల్లో పొడిని రోజుల తరబడి కలియబెట్టి, దేనిగా మారుతుందో చూస్తాం. మీరూ మీ సహస్ఫటికాన్ని ఇలా పరీక్షించండి.

ప్రశ్న అడిగిన విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సూక్ష్మదర్శినిలో చూశాను. ఇరవై నిమిషాలకే సన్నని సూదులు కనిపించాయి, గంటకు ఫ్లాస్కు అడుగు అంతా అవే. ఆరబెట్టకుండా తీసిన నమూనాను టీజీఏకు పంపించాను. హెచ్‌పీఎంసీ ప్రయోగం సోమవారం మొదలుపెడతాను. సాకరిన్ కోసం గైడ్ గారి అనుమతి అడిగాను. థీసిస్‌లో ఓవెన్ పొరపాటును దాచకుండా, అది ఎలా తప్పుదారి పట్టించిందో రాస్తాను.