కాలనీలో కుక్కల ఆపరేషన్లు: ఎనిమిది కుక్కలకి చేయించినా పిల్లలు ఎందుకు పుడుతున్నాయి?

కాలనీ సంఘం కార్యదర్శి:
మాది హైదరాబాద్ శివారు, 180 ఇళ్ల కాలనీ. పోయిన ఏడాది మున్సిపల్ వ్యాన్ వచ్చి ఎనిమిది కుక్కల్ని తీసుకెళ్లింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కత్తిరించి మళ్లీ ఇక్కడే వదిలారు. ఈ ఏడాది చూస్తే మళ్లీ మూడు ఈతలు. సభ్యుల్లో సగం మంది అన్నిటినీ ఏదో ఒక షెల్టర్‌కి తోలేద్దాం అంటున్నారు. అది కుదురుతుందా? కుదరకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

వలంటీరు:
షెల్టర్ సంగతి ముందు తేల్చేద్దాం. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కకి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు కూడా ఇదే చెప్పింది. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానమున్నవి, మీద పడి కరిచే స్వభావం ఉన్నవి మాత్రం మినహాయింపు. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి పట్టిన వాటిని తిరిగి అక్కడ వదలొద్దని అదే ఏడాది నవంబరు 7న వేరే ఆదేశం వచ్చింది. మీ కాలనీ వీధులు అందులోకి రావు.

చట్టం మాట అటుంచినా షెల్టర్ పరిష్కారం కాదు. కిక్కిరిసిన షెల్టర్‌లో పార్వో, డిస్టెంపర్ లాంటి అంటువ్యాధి ఒక్క పిల్లకి వచ్చినా గదంతా అంటుకుంటుంది. మన దేశంలో సంఖ్య తగ్గించడానికి చంపడానికి వీల్లేదు. నయం కాని జబ్బుకో, బతకని గాయానికో మాత్రమే దయామరణం. అయినా పిల్లల్ని షెల్టర్‌లో కుక్కితే ఆ జబ్బులతో చాలావాటి గతి చావే అవుతుంది.

ఇంతకీ ఆ ఎనిమిదిట్లో ఆడవెన్ని?

కాలనీ సంఘం కార్యదర్శి:
రెండు అనుకుంటా. మిగతావి మగవి. వ్యాన్‌వాళ్లకి దొరికినవి ఎత్తారు.

వలంటీరు:
తేడా అక్కడే వచ్చింది. ఒక్క మగకుక్క మిగిలినా వీధిలో ఉన్న ఆడవాటన్నిటికీ సరిపోతుంది. ఆడకుక్క ఆరేడు నెలలకోసారి ఎదకొస్తుంది, చూడి 63 రోజులు. కాబట్టి మీ తొలి విడత ఆడవాటికే. మగవాటిని వదిలేయమని కాదు, వరుసలో తర్వాత.

దానికి ముందు లెక్క. తెల్లవారుజామున, చెత్త బండి రాకముందు, ఇద్దరు ఒకే దారిలో అన్ని వీధులూ తిరిగి కనబడిన ప్రతి పెద్ద కుక్కకీ రెండు పక్కల నుంచీ ఫోటో తీయండి. మర్నాడు అదే వేళకి అదే దారి. మొదటి రోజు 30, రెండో రోజు 28 కనబడ్డాయనుకుందాం. ఫోటోలు పోల్చితే అందులో 20 రెండు రోజులూ కనబడినవి. 30ని 28తో గుణించి 20తో భాగిస్తే 42. ఇది అంచనాయే, కానీ కిటికీలోంచి చూసి చెప్పే లెక్క కన్నా ఎంతో నయం. ఈ 42లో కనీసం 70 శాతం, అంటే 30 దాకా, ఆపరేషన్ అయినవి ఉండాలి. కొన్ని నెలల్లోనే అంతవరకూ వెళ్లాలి. ఏడాదికి ఎనిమిది చొప్పున చేస్తే కొత్తగా పుట్టేవే ఎక్కువవుతాయి.

ఫోటో తీసేటప్పుడు చెవి జాగ్రత్తగా చూడండి. ఆపరేషన్ గుర్తుగా చెవికి పెట్టిన కోత అంచు నున్నగా, తిన్నగా ఉంటుంది. కొట్లాటలో చిరిగిన చెవి అంచు గరుకుగా, పీచుపీచుగా ఉంటుంది. ఈ రెండూ కలిపేసి చాలామంది లెక్క తప్పుతారు.

అన్నం పెట్టే సభ్యురాలు:
రోజూ రాత్రి ఎనిమిదికి నేనే పెడతాను. పట్టేవాళ్లొస్తే కుక్కలు నన్ను నమ్మవని భయం. పైగా కాలనీలో నన్ను పెట్టొద్దంటున్నారు.

వలంటీరు:
అమ్మా, మీరు లేకుండా ఈ పని కాదు. అసలు పెట్టొద్దనే హక్కు వాళ్లకి లేదు, కానీ వీధిలో ఎక్కడపడితే అక్కడ కాదు, చూపించిన చోటే పెట్టాలి. ఆ 2023 నియమాల్లో 20వ దాని ప్రకారం పిల్లలు ఆడే చోటుకీ, గేటుకీ, మెట్లకీ దూరంగా చోటూ వేళా చూపించాల్సింది సంఘమే. ఆ చోట రోజూ ఒకే వేళకి పెడితే పట్టే రోజున కుక్కలన్నీ అక్కడే దొరుకుతాయి. మీ చేతికొచ్చే వాటికి మీరే తాడు వేయండి, మిగతావాటికి వల. ఇనుప పట్టకారు, తీగ ఉచ్చు నిషిద్ధం. వ్యాన్‌లో అవి కనబడితే అక్కడే ఆపండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా: పట్టే ముందు రాత్రి అన్నం పెట్టకండి. నీళ్లు ఉండనివ్వండి. జాలిపడి పక్కింటివాళ్లు బిస్కెట్లు వేస్తారు, వాళ్లకీ చెప్పండి.

పశువైద్యురాలు:
ఆ మాట ఎందుకో చెప్తాను. నిండు కడుపుతో మత్తిస్తే వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెద్ద కుక్కకి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి.

ఆడకుక్కకి గర్భసంచీ, అండాశయాలు రెండూ తీస్తాం. వీధికుక్కలకి ఎక్కువగా పొట్ట కింద కాకుండా పక్క నుంచి, డొక్కలో చిన్న కోత పెడతాం. వదిలాక గాయం దూరం నుంచే కనబడుతుంది, కుక్కని పట్టుకుని తిరగేయక్కర్లేదు. లోపల కరిగిపోయే కుట్లు వేస్తే మళ్లీ విప్పే పనీ ఉండదు.

ఎదలో ఉన్నదానికి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ఎక్కువ. వీలైతే కొన్ని వారాలు ఆగుదాం. నెలలు నిండిన చూడిదాన్ని తేవద్దు, పాలిచ్చే తల్లిని అసలు ఎత్తొద్దు. చనుమొనలు సాగి, పొదుగు నిండుగా వేలాడుతుంటే ఎక్కడో కాలవ పక్కనో, కట్టడం కిందో పిల్లలున్నట్టే. వ్యాన్‌వాడికి తెలియదు, మీరే వద్దనాలి. పిల్లలు పాలు మాని, పొదుగు ఎండాక పట్టించండి. ఆలోపు మళ్లీ ఎదకొచ్చే ప్రమాదం తక్కువే.

ఇంకోటి. రోజుల తరబడి రక్తం చుక్కలు పడుతుంటే ఎద అనుకుని వదిలేస్తారు. కాలీఫ్లవర్ ముక్కలా విరిసిన కండ లోపల కనబడితే అది జత కట్టడం వల్ల అంటుకునే కంతి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున కొన్ని వారాలు ఇస్తే చాలావాటికి పూర్తిగా పోతుంది. అందుకని అలాంటిదాన్ని విడిగా చెప్పి పంపండి.

కాలనీ సంఘం కార్యదర్శి:
వదిలాక మేం చూసుకోవాల్సింది ఏమైనా ఉందా మేడమ్? మగవాటికి చేశాక కూడా జత కడుతున్నాయని ఒకాయన ఫిర్యాదు.

పశువైద్యురాలు:
మగకుక్కలో మిగిలిన వీర్యకణాలు పోవడానికి కొన్ని వారాలు పడుతుంది, జత కట్టే అలవాటు ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఆపరేషన్ ఫెయిలైనట్టు కాదు.

నియమం ప్రకారం కనీసం నాలుగు రోజులు ఆపరేషన్ చేసిన సెంటర్‌లోనే ఉంచాలి. అదే సాయంత్రం వదిలేస్తే కుట్లు నాకేసుకుంటాయి. వానాకాలంలో పురుగు పడుతుంది. వదిలాక వారం పాటు రోజుకోసారి డొక్క చూడండి. కాస్త వాపు మామూలే. చీము, లోపలి కండ, పురుగు కనబడితే ఆ రోజే వెనక్కి పంపండి. పసుపూ నూనే పూయొద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

వలంటీరు:
పట్టిన చోటు రాయడంలో బద్ధకం వద్దు. ప్రతి కుక్క ఫోటో, వీధి, ఎదురింటి నంబరు ఒక చీటీ మీద రాసి బోనుకి కట్టండి. రెండు వీధులు అవతల వదిలినా అక్కడి కుక్కల గుంపు తరుముతుంది, ఇది రోడ్డు దాటి పాత చోటుకి పరిగెడుతుంది. లారీల కింద పడేది అప్పుడే. వ్యాన్ వెంట మీ మనిషి ఒకరు ఉండాలి. సెంటర్‌కి జంతు సంక్షేమ మండలి గుర్తింపు పత్రం ఉందో లేదో ముందే అడగండి.

చికెన్ షాపు వ్యర్థాలు, ఫంక్షన్ హాల్ విస్తర్లు రోడ్డు మీద పడుతున్నంత కాలం బయటి కుక్కలు వస్తూనే ఉంటాయి. ఆ రెండు చోట్లా మూతున్న డబ్బాలు పెట్టించండి. ఇక పెంపుడు కుక్కలు. ఆపరేషన్ చేయించకుండా సాయంత్రం గేటు తీసి వదిలేసేవాళ్లు మీ కాలనీలోనూ ఉంటారు, వీధిలో ఈతలకి వాళ్ల భాగమూ ఉంది. కుక్కపిల్లల్ని దత్తతకిచ్చేటప్పుడు ఆరు నెలలు దాటగానే ఆపరేషన్ చేయిస్తామని రాతపూర్వకంగా తీసుకుని, ఆ నెలలో ఫోన్ చేసి గుర్తుచేయండి. ఆడ కుక్కపిల్లల్ని ఎవరూ అడగరు, అందుకే అవే రోడ్డున పడతాయి.

కాలనీ సంఘం కార్యదర్శి:
ఫలితం ఎప్పటికి కనబడుతుంది? సభ్యులకి ఏదో ఒకటి చెప్పాలి.

వలంటీరు:
మొదటి ఏడాది పెద్ద కుక్కలు అన్నే ఉంటాయి, తగ్గాయని ఎవరూ అనరు. తగ్గేది పిల్లలు. కాబట్టి మీటింగ్‌లో ఈతల లెక్క చెప్పండి. ఏడాదికోసారి అదే నెలలో, అదే దారిలో ఫోటోల లెక్క మళ్లీ తీయండి. చెవి కోత లేని ఆడకుక్క ఏ వీధిలో కనబడితే తర్వాతి వ్యాన్ ఆ వీధికే.