కుండీలో మట్టి తగ్గలేదు, మరి మొక్క బరువు ఎక్కడిది?

కుండీమొక్క:
రెండేళ్లుగా ఒకే కుండీలో మొక్క పెంచుతున్నా. మోకాలెత్తు ఉన్నది ఇప్పుడు నా భుజం దాటింది, కాండం బొటనవేలంత లావైంది, మట్టి మాత్రం ఇంచుమించు మొదట్లో పోసినంతే ఉంది. సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకుంటుందని చిన్నప్పుడు బట్టీ పట్టాం సరే, వెలుతురుకి బరువు ఉండదు కదా, ఈ కట్టె అంతా ఎక్కడిది?

ఆకుమడత:
గాల్లోంచి వచ్చింది, నిజంగానే. ఇదే అనుమానంతో 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన 200 పౌండ్ల ఎండు మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చివర్లో తూస్తే చెట్టు 169 పౌండ్లు, మట్టి తగ్గింది రెండు ఔన్సులు! పాపం, బరువంతా నీళ్లదే అనుకున్నాడు. తమాషా ఏంటంటే 'గ్యాస్' అనే మాట పుట్టించింది ఆయనే, అయినా గాలి సంగతి తట్టలేదు. పత్రరంధ్రాల గుండా ఆకులోకి వెళ్లే కార్బన్ డై ఆక్సైడే కట్టెకి అసలు సరుకు.

కుండీమొక్క:
అంటే అందులోంచి కార్బన్ ఉంచేసుకుని ఆక్సిజన్ వదిలేస్తుందన్నమాట?

బ్యాక్‌బెంచీ:
అక్కడే అందరం పప్పులో కాలేస్తాం. బయటికొచ్చే ఆక్సిజన్ నీటిది. 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు ఆక్సిజన్-18 (మామూలు ఆక్సిజన్ కన్నా కాస్త బరువైన రకం, అందుకే గుర్తుపట్టొచ్చు) కలిసిన నీళ్లు నాచుకి ఇచ్చి చూస్తే, వదిలిన వాయువులో అదే కనిపించింది. పత్రహరితం పట్టిన వెలుతురు చేసే పని నీటిని విడగొట్టడం. ఆక్సిజన్ బయటికి పోతుంది, శక్తి ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అనే అణువుల్లో చేరుతుంది, దాన్ని ఖర్చుపెట్టి కార్బన్ డై ఆక్సైడ్‌ని చక్కెరగా మారుస్తుంది. ఆ వాయువుని పట్టే ఎంజైమ్ రుబిస్కో మహా నిదానం, పైగా అప్పుడప్పుడు పొరపాటున ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, అందుకే ఆకు దాన్ని కుప్పలుగా తయారు చేసి పెట్టుకుంటుంది. ఆ చక్కెర అణువులు గొలుసుకట్టుగా అతుక్కుంటే సెల్యులోజ్. మీ కుండీలో బొటనవేలంత లావైంది ఎక్కువగా అదే.

కుండీమొక్క:
అయితే ఇక ఎరువు దండగేనా?

ఆకుమడత:
అయ్యో, మానేయకండి! ఆ రెండు ఔన్సులే కీలకం. నైట్రోజన్ లేకపోతే రుబిస్కో లేదు, మెగ్నీషియం లేకపోతే పత్రహరితం లేదు, రెండూ వేర్ల నుంచే అందాలి. అడుగున ఉన్న ముదురు ఆకులు ఓసారి చూడండి, ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్యలో పసుపు తిరిగితే చాలావరకు మెగ్నీషియం తక్కువైనట్టే.