సైన్యంలో ఇద్దరూ మేజర్ ర్యాంకు అధికారులే అయితే మాట ఎవరిది చెల్లుతుంది?

కంచుఢంకా:
ఒకే చోట ఇద్దరు మేజర్లు, పై అధికారి అందుబాటులో లేడు. ఆజ్ఞ ఎవరిది? ర్యాంకు ఎవరికి ముందు వచ్చిందో వాళ్లది. ఒక్క రోజు తేడా చాలు. 1944 డిసెంబరులో అమెరికా ఐదు నక్షత్రాల హోదాను తన సైన్యాధికారులు జార్జ్ మార్షల్‌కు 16న, మెకార్థర్‌కు 18న, ఐసెన్‌హోవర్‌కు 20న ఇచ్చింది. ఎవరు సీనియరో తేల్చడానికే ఆ తేడా.

దిక్సూచి:
తేదీ ఒక్కటే పట్టుకుంటే ఎలాగండీ? ముందు నియామకం చూడాలి. బెటాలియన్‌ను ఒకరి చేతిలో పెట్టాక, ఆర్నెల్లు సీనియర్ అయిన మరో మేజర్ అటుగా వచ్చినంత మాత్రాన పగ్గాలు ఆయనవి కావు.

కంచుఢంకా:
నేను అడిగింది నియామకం లేనప్పటి సంగతి. చదివి రాయండి.

నీలిగీత:
సీనియర్ మేజర్ డాక్టరైతే?

దిక్సూచి:
చాలా సైన్యాల్లో వైద్యాధికారి కమాండ్ వైద్య విభాగం వరకే. పోరాట దళానికి ర్యాంకు ఒక్కటే చాలదు. నేననేదీ అదే.

కంచుఢంకా:
మళ్లీ పక్కదారి! నాకు జరిగింది చెబుతా. ఒక విన్యాసంలో ఇద్దరం కెప్టెన్లం. నాకు మూడు వారాల ముందే ర్యాంకు వచ్చింది. రాత్రి రెండింటికి వాగు దగ్గర నేను ఆగమన్నాను, ఆయన కదలమన్నాడు. వైర్‌లెస్ కుర్రాడు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. బొటనవేలు మీట మీదే ఉంది, నొక్కడు. చివరికి ఆయన మాటే పంపాడు. రెండు లారీలు దిగబడ్డాయి. సంజాయిషీ మాత్రం నన్నే అడిగారు.

పాతమ్యాపు:
క్రీ.పూ. 216లో ఇటలీలోని కానే (Cannae) అనే చోట హానిబాల్‌తో జరిగిన యుద్ధంలో, రోమన్ కాన్సుల్స్ (పాలకులూ సేనాపతులూ వాళ్లే) ఇద్దరూ రోజు మార్చి రోజు కమాండ్ పంచుకున్నారు. పౌలస్ వద్దంటున్నా వర్రో తన వంతు రోజున యుద్ధానికి దిగాడని ప్రాచీన చరిత్రకారులు రాశారు. రోమన్ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది.

దిక్సూచి:
కంచుఢంకా గారూ, "కమాండ్ నేను తీసుకుంటున్నాను" అని ఆ రాత్రి నోరు తెరిచి చెప్పారా?

కంచుఢంకా:
తేదీ నాది! అందరికీ తెలుసు! మీరెవరు నన్ను నిలదీయడానికి?

దిక్సూచి:
అలాంటి హ్యాండ్‌సెట్ పట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఇద్దరు లెఫ్టినెంట్లు చెరో మాట చెప్పారు, ఒకటి పంపాను, శిక్ష నాకు పడింది. మీ పదోన్నతి తేదీ ఆ కుర్రాడికెలా తెలుస్తుంది? భుజం మీద నక్షత్రాలు ఇద్దరికీ మూడే కదా. సీనియర్ మీరే కాబట్టి చెప్పాల్సిందీ మీరే.

కంచుఢంకా:
చెప్పలేదు. తగువు పెట్టుకుంటున్నానని జవాన్లు అనుకుంటారని ఊరుకున్నాను. కుర్రాడికి ఏం పడిందో కూడా కనుక్కోలేదు. తేదీ విషయంలో మాత్రం నా మాట మారదు.