హాఫ్లింగ్‌కే నా ఓటు, డ్రాగన్‌బార్న్ దండగ. కాదనేవాళ్లు రండి!

డైస్‌రాయుడు:
డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలేస్తూ కథ నడిపే ఆట. దాని ఐదో ఎడిషన్‌లో మన పాత్రకి ఏ రేస్ (జాతి) బెస్ట్ అంటే మా బ్యాచ్ మొత్తం ఎల్ఫ్ అంటుంది. చీకట్లో కళ్లు కనిపిస్తాయి, మంత్రంతో నిద్రపుచ్చలేరు, బొమ్మ కూడా అందంగా ఉంటుంది. సరే. కానీ హాఫ్లింగ్‌కి, అదే పొట్టి జాతివాడికి, డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద అన్నిటికన్నా తక్కువైన 1 పడితే మళ్లీ వేసుకోవచ్చు. దాడికైనా, గోడ ఎక్కడానికైనా, విషం తట్టుకోవడానికైనా ఇదే రూల్, రోజుకి ఇన్నిసార్లే అన్న పేచీ లేదు. మిగతావాళ్లకి ఇరవైకోసారి పడే 1, వీడికి నాలుగొందలకోసారి. పైగా లైట్‌ఫుట్ (హాఫ్లింగ్‌లలో ఒక రకం) అయితే తనకన్నా పెద్ద ఒళ్లున్నవాడి వెనకే నక్కొచ్చు. మా హాఫ్లింగ్ రోగ్ (దొంగ తరహా పాత్ర) పాలడిన్ (యోధుడి పాత్ర) వెనక నక్కుతాడు, బాణం వేస్తాడు, మళ్లీ నక్కుతాడు. డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) తల పట్టుకుంటాడు.

నచ్చనిది 2014 రూల్స్ పుస్తకంలోని డ్రాగన్‌బార్న్, అంటే నోటితో నిప్పు ఊదే డ్రాగన్ పోలికల జాతి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఐదో లెవెల్‌కి ఫైటర్ ఒక టర్న్‌లో రెండు దెబ్బలు వేస్తాడు. గ్రేట్‌స్వోర్డ్ అయితే దెబ్బకి రెండు డీ6 (ఆరు ముఖాల పాచికలు), దానిమీద బలం బోనస్. నిప్పు ఊదాలంటే ఆ రెండు దెబ్బలూ వదులుకోవాలి. వచ్చే డ్యామేజ్ రెండు డీ6, అంటే సగటున 7. శత్రువు సేవ్ (తప్పించుకోడానికి వేసే పాచిక) కొడితే అందులో సగమే. ఒకసారి ఊదాక రెస్ట్ తీసుకునేదాకా మళ్లీ లేదు. చీకట్లో చూపూ లేదు!

నిప్పుకోడి:
అన్నా, లెక్క ఒక్క శత్రువుకే వేశావు. గాబ్లిన్ అనే చిల్లర శత్రువుకి ఉండేదే 7 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క). ఇరుకు గుహలో నలుగురు మీద పడితే ఒక్క ఊపుతో ఊడ్చేయొచ్చు. 2024 పుస్తకంలో ఒక దెబ్బ బదులు ఊదితే చాలు, రెండో దెబ్బ నీదే. చీకటి చూపూ ఇచ్చారు, ఐదో లెవెల్‌కి రెక్కలు కూడా.

చీకటిగుహ:
ఇద్దరూ హాఫ్ ఆర్క్ జాతిని మర్చిపోయారు. సున్నాకి పడాల్సినవాడు 1 హిట్ పాయింట్‌తో నిలబడతాడు, లాంగ్ రెస్ట్‌కి (పూర్తి విశ్రాంతికి) ఒకసారి. పడిపోయినవాడు డెత్ సేవ్‌లు (బతుకుతాడా చస్తాడా తేల్చే పాచికలు) వేసుకుంటూ కూర్చోవాలి, వీడికి ఇంకో టర్న్ దొరుకుతుంది. బాస్ ఫైట్‌లో ఆ ఒక్క టర్న్ చాలు.

డైస్‌రాయుడు:
@చీకటిగుహ, ఆ టర్న్ వచ్చేలోపు ఇంకో గాబ్లిన్ పొడిస్తే?
@నిప్పుకోడి, నలుగురు గాబ్లిన్‌లు వరసగా నిలబడి ఊదించుకుంటారా తమ్ముడూ? 15 అడుగుల దూరంలో మనవాళ్లే అడ్డం ఉంటారు. పైగా మా డీఎం 2014 పుస్తకం వదలడు, రెక్కల మాట మా టేబుల్ దగ్గర చెల్లదు.

నిప్పుకోడి:
రెక్కలే కావాలంటే ఆరాకోక్రా అనే పక్షి జాతి తీసుకో. పాత రూల్స్‌లో మొదటి లెవెల్‌కే 50 అడుగుల వేగంతో ఎగురుతుంది. డీఎం రాత్రంతా కూర్చుని గీసిన గోతులూ గోడలూ అన్నీ వేస్ట్.

చీకటిగుహ:
అందుకే చాలా మంది డీఎంలు దాన్ని రానివ్వరు. నేనైతే రానిస్తా. మీడియం ఆర్మర్ వేస్తే ఎగరలేదు, హెవీ సంగతి చెప్పక్కర్లేదు. కింద నలుగురు విలుకాళ్లని పెడితే సరి.