మొదటి పుల్ రిక్వెస్ట్‌గా రీడ్‌మీలో స్పెల్లింగులు దిద్దితే తప్పా?

సీఎస్ఈ_మూడో_ఏడు:
అందరికీ నమస్తే. ప్లేస్‌మెంట్ల లోపు గిట్‌హబ్ (కోడ్ పెట్టి పంచుకునే సైటు) ప్రొఫైల్ పచ్చగా ఉండాలని, అంటే పని చేసిన రోజులకు పచ్చ గళ్లు కనిపించాలని, సీనియర్లు ఒకటే పోరు. కొత్తవాళ్ల కోసం 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ పెట్టిన పనులు వెతికితే, నేను చదివి అర్థం చేసుకునేలోపే ఎవరో ఒకరు "నాకు అసైన్ చేయండి" అని రాసేస్తున్నారు. చివరికి ఒక ప్రాజెక్ట్ రీడ్‌మీలో (దాని పరిచయం ఉండే ఫైలు) రెండు స్పెల్లింగులు దిద్ది, ఆ మార్పు కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పంపాను. ఒక్క మాటైనా రాయకుండా మూసేశారు. పెద్ద కోడ్ జోలికి వెళ్దామంటే, దాన్ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డే నా లాప్‌టాప్‌లో పూర్తవదు. ఇలా చిన్నవాటితో మొదలుపెట్టడం తప్పంటారా?

బెంగళూరు_బ్యాకెండ్:
తప్పేం లేదమ్మా. ఫోర్క్ (సొంత కాపీ), బ్రాంచ్ (మార్పుల కోసం విడి పాయ), కమిట్ (మార్పు భద్రపరచడం), రివ్యూ ఇవన్నీ చేత్తో చేస్తేనే వస్తాయి. చెప్పేవాళ్లు లేని కాలేజీ పిల్లలకి అంతకంటే తేలికైన దారి ఏముంది?

పాత_మెయింటెయినర్:
అన్నా, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ప్రాక్టీస్ కావాలంటే సొంత రిపోజిటరీలో (ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో) ఎంతైనా చేసుకోవచ్చు. ఓపెన్ సోర్స్ ప్రోత్సాహానికి ఏటా అక్టోబర్‌లో జరిగే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్ట్ అనేసరికి పనికిరాని మార్పులు వెల్లువెత్తాయి. నెల మొదట్లోనే రూల్ మార్చి, పాల్గొంటామని ఒప్పుకున్న రిపోజిటరీలనే లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే జావాస్క్రిప్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కీ అదే గతి. ఓ ట్యుటోరియల్ వీడియో చూసి మన దేశపు విద్యార్థులు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి కుప్పలుగా పంపారు. వాటిని ఒక్కొక్కటీ తెరిచి మూసేది జీతం లేకుండా పనిచేసే మనిషి. చెల్లీ, మీది అలాంటిది కాదు, నిజమైన తప్పే దిద్దారు. కానీ ఆ వరదలో విసిగిపోయిన వాళ్లకు తేడా కనిపించడం కష్టం.

నా సలహా ఒకటే: మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి, కోడ్ కంటే ముందు బగ్‌తో. లిబ్రెఆఫీస్ బగ్‌జిల్లాలో (దాని బగ్‌లు నమోదు చేసే సైటు) 'అన్‌కన్ఫర్మ్‌డ్', అంటే ఇంకా నిర్ధారణ కాలేదు, అని పడి ఉన్న రిపోర్టులు చాలా ఉంటాయి. ఒకటి తీసుకుని మీ మెషీన్‌లో అదే తప్పు వస్తుందో లేదో చూసి, వెర్షన్‌తో సహా రాయండి. దానికి బిల్డ్ అక్కర్లేదు. తెలుగు టైప్ చేసేటప్పుడు ఒత్తుల మధ్య కర్సర్ ఎక్కడ ఆగుతోంది, బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత చెరుగుతోంది లాంటివి మనలాంటివాళ్లు చెప్తే తప్ప వేరే దేశపు డెవలపర్‌కి తట్టవు.

బెంగళూరు_బ్యాకెండ్:
మాట బాగుంది. కానీ బగ్ కన్ఫర్మ్ చేస్తే గిట్‌హబ్‌లో పచ్చ గళ్లు పెరగవు, ఇంటర్వ్యూలో అడిగేదేమో ఆ ప్రొఫైల్. ఆ అమ్మాయి టెన్షన్ దాని గురించే కదా?

పాత_మెయింటెయినర్:
నేను ఇంటర్వ్యూలు తీసుకుంటాను. గళ్లు లెక్కపెట్టను. ఒక బగ్‌ను ఎలా పట్టుకున్నారో పది నిమిషాలు చెప్పగలిగితే నాకు చాలు. అందరూ ఇలాగే చూస్తారని మాత్రం అనను, రెజ్యూమెలు వడపోసేవాళ్లు వేరు.

సీఎస్ఈ_మూడో_ఏడు:
బగ్‌ల సంగతి అర్థమైంది అన్నా, మొదలుపెడతాను. కానీ కోడ్ కూడా రాయాలనుంది. 8 జీబీ ర్యామ్‌తో ఏదైనా కుదురుతుందా?

పాత_మెయింటెయినర్:
ఫైర్‌ఫాక్స్‌లో 'ఆర్టిఫాక్ట్ బిల్డ్' అని ఉంది. సీ ప్లస్ ప్లస్, రస్ట్ భాగాలు ముందే కంపైల్ అయి డౌన్‌లోడ్ అవుతాయి, మీరు జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ వరకు మార్చుకోవచ్చు. మిగతా ప్రాజెక్టుల్లో డేటా మిగలాలంటే ప్రాజెక్ట్ కాపీ దించే గిట్ క్లోన్ కమాండ్‌కి 'డెప్త్ 1' ఇవ్వండి, పాత చరిత్రంతా దిగదు. ఎర్రర్ వస్తే మొత్తం లాగ్ ఇక్కడే పెట్టండి, స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్‌గా.