బడులు మూతబడిన కాలంలో ఒకటో తరగతి పిల్లలు: ఇప్పుడు ఎలా ఉన్నారు?

నల్గొండ అమ్మ
2020 మార్చిలో బడులు మూతబడే నాటికి మా బాబు ఎనిమిదో తరగతిలో ఉన్నాడు, పాప ఆ జూన్‌లో ఒకటో తరగతిలో చేరవలసి ఉంది. బాబు కొంత వెనకబడినా తర్వాత అందుకున్నాడు. పాప మాత్రం ఆరో తరగతికి వచ్చాక కూడా ఒత్తు ఉన్న ప్రతి మాట దగ్గరా ఆగిపోతోంది. ‘స్వాతంత్ర్యం’ వంటి మాట వస్తే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేస్తోంది, ఊహ తప్పితే పుస్తకం మూసి లేచిపోతోంది. ఆ ఈడు పిల్లలున్న తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తమ అనుభవం రాయగలరని మనవి.

పాలమూరు టీచర్
అమ్మా, ఇది మీ పాప ఒక్కతి సంగతి కాదు. ఇళ్లకు వెళ్లి పిల్లల చదువు స్థాయిని పరీక్షించే అసర్ సర్వే 2022లో చేసినప్పుడు తెలంగాణ గ్రామీణ ప్రాంతంలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 5.2 శాతమే, 2018లో వారు 18.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇదే కాలంలో 22.6 నుంచి 10.3 శాతానికి పడిపోయింది. కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. మన తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానెల్ టీ-శాట్‌లలో పాఠాలు మొదలైనప్పుడు అవి మూడో తరగతి నుంచి పై వారికే. 2021 ఫిబ్రవరిలో బడులు తెరిచినప్పుడు ముందు తొమ్మిది, పది తరగతులను, ఆ నెలాఖరుకు ఆరు నుంచి ఎనిమిది వరకు పిలిచారు, మార్చిలో మళ్లీ అన్నీ మూసేశారు. ప్రాథమిక తరగతుల పిల్లలు బడి గడప తొక్కింది 2021 సెప్టెంబరులోనే. చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించవలసిన వయసు వాళ్లకే అన్నిటికంటే ఆలస్యంగా తలుపు తెరిచాం.

గుంటూరు జిల్లా అమ్మాయి తల్లి
మా ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఉన్నది ఒక్క ఫోను, అది లారీ మీద వెళ్లే మా ఆయన దగ్గర ఉండేది. ఆయన ఇంటికి వచ్చిన రాత్రి ముందు పదో తరగతి వాడికి ఇచ్చేవాళ్లం, చిన్నదాని వంతు వచ్చేసరికి అది నిద్రపోయేది. నేను మిరప కోతలకు వెళ్లే రోజుల్లో ఇంటిపనంతా పెద్దమ్మాయి మీదే పడింది. బడి మధ్యాహ్న భోజన పథకం గోరుముద్ద కింద బియ్యం, గుడ్లు, చిక్కీ ఇంటికే అందాయి, ఆ మేలు మరువలేను. అయితే బడిలో పిల్ల తన కంచంలో తాను తినే గుడ్డు, ఇంట్లో ఆరుగురి మధ్యకు వచ్చేసరికి పిల్ల వాటా ఎంత మిగులుతుందో మీరే ఆలోచించండి.

వరంగల్ మాజీ ప్రైవేటు టీచర్
చెప్పేవాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. మేము పనిచేసిన బడిలో తరగతులు ఆగిన నెల నుంచే జీతం ఆగింది. ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాక కొందరినే పిలిచారు, నేను అడ్డా మీద కూలీకి నిలబడ్డాను. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రకటించిన 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం అప్పట్లో మా ఇంటిని నిలబెట్టాయి. ఫీజు కట్టలేక మా పిల్లలను ప్రభుత్వ బడికి మార్చాను. తండ్రి పాఠం చెప్పే మనిషి అయి ఉండి కూడా, రాత్రి అలసటతో, అప్పుల చింతతో పిల్లల దగ్గర కూర్చోలేకపోయాడంటే చదువుకోని ఇళ్ల పరిస్థితి ఇంకెలా ఉంటుంది?

నల్గొండ అమ్మ
పాలమూరు సార్, ఇప్పుడు ఇంట్లో మేము చేయగలిగింది ఏమిటి?

పాలమూరు టీచర్
ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు మొదటి నుంచి నేర్పే తొలిమెట్టు కార్యక్రమం 2022 ఆగస్టులో మొదలైంది, మీ పాప దానిలో కొంత నేర్చుకునే ఉంటుంది. ఆగిపోతున్నది ఒత్తుల దగ్గరే కాబట్టి ఆరో తరగతి పాఠాన్ని పది సార్లు చదివించకండి. ఆమె బడిలోనే మూడో తరగతి తెలుగు వాచకం అడిగి తీసుకోండి. రోజూ ఒక పేజీ మీరు వేలు పెట్టి చదవండి, వెనకాలే ఆమెను చదవమనండి. ఆగిన మాటలను మాత్రం పలక మీద విడదీసి రాయించండి. అన్న ముందు చదవమని అడగవద్దు. ఈ వయసు పిల్లలకు ఆ సిగ్గే అడ్డం వస్తుంది. ఆమె తెలుగు టీచర్‌కు కూడా విషయం దాచకుండా చెప్పండి.