ఆరు వారాలకొకసారి తోటి మిషనరీని ఎందుకు మారుస్తారు? మా తమ్ముడి విషయంలో ఒక సందేహం

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక అక్క

అందరికీ వందనాలు. మా కుటుంబం తాతల కాలం నుంచి హనుమకొండలో బాప్టిస్టు సంఘానికి చెందినది. మా తమ్ముడు మాత్రం హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘములో, అంటే బయట చాలామంది మార్మన్ సంఘం అని పిలిచే సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడు. చదువు ముగియగానే రెండేళ్ల మిషనరీ సేవకు దరఖాస్తు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు కోయంబత్తూరులో ఉన్నాడు. అప్పట్లో ఇంట్లో ఎంత గొడవ జరిగిందో ఇక్కడ రాయను, నేను అడగదలచుకున్నది అది కాదు.

ప్రతి సోమవారం వాడు మాకు ఈమెయిల్ రాస్తాడు, అమ్మతో వీడియోలో మాట్లాడతాడు. పోయిన వారం ఈమెయిల్ అంతా సేవ గురించే ఉంది. బుధవారం ఉదయం వాడూ, వాడితో జతగా ఉండే తోటి మిషనరీ ఇద్దరూ ఒక వృద్ధాశ్రమానికి వెళ్లి వంటింట్లో సాంబారు ఉల్లిపాయలు ఒలిచారట. ఆ చిన్న ఉల్లిపాయలు అక్కడ గంపల లెక్కన కావాలట, కాసేపు నీళ్లలో వేసి ఉంచితే పొట్టు సులువుగా ఊడుతుందని వంట చేసే ఆవిడ నేర్పించిందట. ఆ తరువాత మంచాల మీది దుప్పట్లన్నీ ఉతికి మిద్దె మీద ఆరేశారట. అక్కడి పెద్దాయన ఒకరు వీడి పేరు ఎంత చెప్పినా వినిపించుకోకుండా, అంతకు ముందు అక్కడికి వచ్చిపోయిన మిషనరీ పేరుతోనే పిలుస్తాడట, వీడు కూడా ఇక సరిదిద్దడం మానేసి ఆ పేరుకే పలుకుతున్నాడట. ఇదంతా చదివి అమ్మ చాలా సంతోషపడింది. ఇంట్లో ఏనాడూ తిన్న పళ్లెం కడగనివాడు దుప్పట్లు ఉతికాడంటే నాకే నమ్మకం కుదరలేదు.

ఆ ఈమెయిల్ చివర మాత్రం ఒక్క ముక్క రాశాడు: శనివారం రాత్రి ఫోన్ వచ్చిందనీ, తన కంపానియన్‌కు, అంటే ఆ తోటి మిషనరీకి, ట్రాన్స్‌ఫర్ అయిందనీ, మంగళవారం కొత్త అతను వస్తాడనీ. వాడు వెళ్లి ఏడాది కూడా కాలేదు. మొదట దిమాపూర్ అబ్బాయితో వేశారు, తరువాత విశాఖపట్నం అబ్బాయి వచ్చాడు, ఇప్పుడు మరొకరు. విశాఖ అబ్బాయితో వీడికి బాగా కుదిరింది, ఇద్దరూ తెలుగువాళ్లే కనుక ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవారు. అమ్మ ఇప్పుడు పట్టుకున్న మాట ఒకటే: "ఇద్దరు మంచిగనే ఉన్నరు గదా, వీడేం తప్పు చేసిండో, అందుకే విడదీసిండ్రు." నాన్న ప్రభుత్వ ఉద్యోగంలో ఎన్నో బదిలీలు చూసినవారు కావడంతో నవ్వి ఊరుకున్నారు.

ఇలా తరచుగా మార్చడం శిక్ష కిందకు వస్తుందా? ఎవరు, ఏ ఆధారంతో మారుస్తారు? వాడికి నచ్చని మనిషి వస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆ సంఘంలో సేవ చేసి వచ్చినవారు గానీ, ఈ పద్ధతి తెలిసినవారు గానీ వివరంగా రాస్తే అమ్మకు చదివి వినిపిస్తాను.

సమాధానం: కాజీపేట నుంచి, సేవ ముగించుకుని వచ్చిన ఒక తమ్ముడు

అక్కా, వందనాలు. నేను అదే సంఘంలో రెండేళ్లు సేవ చేసి వచ్చినవాణ్ణి కనుక ముందుగా అమ్మగారి భయం తీరే మాట చెబుతాను. కంపానియన్ మారడం శిక్ష కాదు. మిషన్ అంతటికీ, అంటే ఒక అధ్యక్షుడి కింద మిషనరీలు పనిచేసే ప్రాంతమంతటికీ, సుమారుగా ఆరు వారాలకొకసారి ట్రాన్స్‌ఫర్ల సమయం వస్తుంది. ఆ వారంలో ఎవరు ఉన్నచోటే ఉండాలి, ఎవరు వేరే ఊరికి పోవాలి, ఎవరు ఎవరితో కలిసి పనిచేయాలి అన్నది మిషన్ అధ్యక్షుడు ప్రార్థన చేసి నిర్ణయిస్తారు. ఆయన తన భార్యతో కలిసి మూడేళ్ల పాటు ఆ బాధ్యతలో ఉంటారు, మిషనరీలు ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడతారు కనుక ఎవరి స్వభావం ఏమిటో ఆయనకు తెలుస్తుంది.

ఆరు వారాలు అనగానే ప్రతిసారీ అందరూ మారిపోతారని అనుకోకండి. కొత్తగా వచ్చిన మిషనరీకి మొదటి 12 వారాలు శిక్షణ కాలం, అంటే రెండు విడతలు. ఆ కాలమంతా సాధారణంగా ఒకే ట్రైనర్‌తో ఉంచుతారు. మీరు చెప్పిన దిమాపూర్ అబ్బాయి బహుశా మీ తమ్ముడి ట్రైనర్ అయి ఉంటాడు. ఆ తరువాత ఒకరితో ఒక విడతే ఉండవచ్చు, మూడు విడతలు కూడా ఉండవచ్చు. ఇద్దరిలో ఒకరు వెళితే మామూలుగా రెండోవారు అక్కడే ఉండిపోతారు, ఎందుకంటే ఏ ఇంటికి ఏ వేళ వెళ్లాలో, ఎవరికి ఏమి మాట ఇచ్చారో తెలిసినవారు ఒకరైనా ఆ ఊళ్లో మిగలాలి. ఈసారి మీ తమ్ముణ్ణి ఉంచి అవతలి వారిని పంపారంటే, ఆ ప్రాంతం ఇకపై మీ తమ్ముడి చేతి మీద నడవాలన్నమాట. నాకు తెలిసినంతలో అది నమ్మకం ఉన్నవారికి ఇచ్చే పని.

వారం ఎలా గడుస్తుందో కూడా చెబుతాను, అప్పుడు ఈ మార్పు ఎక్కడ తగులుతుందో అర్థమవుతుంది. నేను ఉన్నచోట ఉదయం 6:30కు లేచి రాత్రి 10:30కు పడుకునేవాళ్లం; లేచింది మొదలు వ్యాయామం, ఎవరి చదువు వారు చదువుకోవడం, ఇద్దరూ కలిసి చదవడం, ఆ తరువాత బయటి పని. సోమవారం ప్రిపరేషన్ డే, దాన్నే పీ-డే అంటాం. ఆ రోజు సాయంత్రం దాకా తెల్ల చొక్కాలు ఉతుక్కోవడం, కూరగాయలు తెచ్చుకోవడం, ఇంటికి రాయడం. వారంలో ఒకరోజు చుట్టుపక్కల మిషనరీలందరి సమావేశం ఉంటుంది, మరొక రోజు రాబోయే వారానికి ప్రణాళిక వేసుకుంటారు. వృద్ధాశ్రమం వంటి సేవ ఈ మధ్యలోనే జరుగుతుంది. వీటన్నిటిలోనూ ఇద్దరూ ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దూరంలోనే ఉండాలన్నది నియమం. ఒంటరిగా కిరాణా దుకాణానికి కూడా పోకూడదు. ఇరవై ఏళ్ల వయసులో పగలూ రాత్రీ ఒకే మనిషితో ఉండి, అలవాటు పడిన తరువాత ఆ మనిషిని వదిలి మరొకరితో మొదటి నుంచి మొదలుపెట్టడం కష్టమే, అందులో దాపరికం లేదు. అయితే నా సేవలో నాకు సరిగ్గా కుదరని మనిషి దగ్గరే నేను పని ఎక్కువగా నేర్చుకున్నాను, ఎందుకంటే కబుర్లకు ఆస్కారం లేకపోయేసరికి పని ఒక్కటే మిగిలింది.

సమాధానం: కరీంనగర్ నుంచి ఒక సహోదరి

నేను 18 నెలలు సేవ చేశాను; మా సంఘంలో అమ్మాయిల సేవాకాలం అంతే. పై తమ్ముడు చెప్పినదానికి తోడు, మీ చివరి ప్రశ్నకు జవాబు రాస్తాను.

నచ్చని మనిషి వస్తే చెప్పుకోవడానికి మార్గాలు ఉన్నాయి. వారానికి ఒకసారి ప్రణాళిక వేసుకునేటప్పుడు, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఈ వారం మన మధ్య ఏది బాగుంది, ఏది బాగాలేదు అని విడమరచి మాట్లాడుకోవాలి. మొదటి కొన్ని వారాలు దాన్ని అందరూ మొక్కుబడిగానే ముగిస్తారు. నాతో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన అక్క ఒకామె ఉండేది. ఆమె పులియబెట్టిన సోయా గింజలతో కూర వండితే ఆ వాసనకు నేను వంటింట్లో నిలబడలేకపోయేదాన్ని, నేను చేసిన పచ్చిపులుసు ఆమె గొంతు దిగేది కాదు. ఇద్దరమూ మర్యాదకు పోయి చాలా రోజులు సగం కడుపుతో పడుకున్నాం. ఆ వారపు మాటల్లో ఆమే ముందుగా నోరు తెరిచి అడిగింది. అప్పటి నుంచి అన్నం ఒకటే, కూరలు రెండు. ఇంత చిన్న విషయం కోసం అన్ని రోజులు పట్టిందా అని మీకు నవ్వు రావచ్చు, కానీ మిషనరీల మధ్య తగాదాల్లో చాలావరకు వంట, నిద్ర, పొద్దున లేచే వేళ, ఫ్యాను వేగం దగ్గరే పుడతాయి.

ఇంతకు మించిన ఇబ్బంది, అంటే అవమానించడం, చేయి చేసుకోవడం, నియమాలు ఘోరంగా తప్పడం వంటివి జరిగితే, ఆరు వారాలు ఆగవలసిన అవసరం లేదు. ప్రతి మిషనరీ వారం వారం మిషన్ అధ్యక్షుడికి నేరుగా ఉత్తరం రాస్తాడు, దాన్ని తోటి మిషనరీ చూడడు. అధ్యక్షుడు తలచుకుంటే మధ్యలోనే మార్చగలరు.

ఇక ఇంటివారికి ఒక మాట. ఇంటికి వారానికొకసారి ఫోనులోనో వీడియోలోనో మాట్లాడే వీలు 2019 ఫిబ్రవరి నుంచే వచ్చింది, అంతకు ముందు ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఫోన్ చేయనిచ్చేవారు. ఇప్పుడు ఆ వీలు ఉంది కదా అని సోమవారం మాటల్లో "పాత అబ్బాయి మంచోడు, కొత్తోడు ఎట్లున్నడు" అని ఆరా తీయకండి. పక్కన వినబడే దూరంలోనే ఆ కొత్తబ్బాయి కూర్చుని ఉంటాడు, భాష అర్థం కాకపోయినా తన పేరు అర్థమవుతుంది. మా అమ్మ అయితే నా కంపానియన్‌ను కూడా తెర ముందుకు పిలిచి "తిన్నవా బిడ్డా" అని అడిగేది. తెలుగు రాని ఆ అమ్మాయి ఆ ఒక్క ప్రశ్న నేర్చుకుని, ఇప్పటికీ నాకు ఫోన్ చేసినప్పుడు అదే అడుగుతుంది.

సమాధానం: మహబూబాబాద్ జిల్లా నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, నేను దక్షిణ ఇండియా సంఘం, అంటే సీ.ఎస్.ఐ., డోర్నకల్ అధ్యక్ష మండలానికి చెందినవాణ్ణి. మీ తమ్ముడు చేరిన సంఘపు సిద్ధాంతాలతో నాకు ఏకీభావం లేదు, దాని మీద ఇక్కడ వాదన పెట్టుకోను కూడా. ఇద్దరిద్దరిగా పంపడం మాత్రం వారు కొత్తగా కల్పించింది కాదు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో పన్నెండుమందిని, లూకా సువార్త 10వ అధ్యాయంలో ఇతర శిష్యులను ప్రభువు అలాగే పంపాడు. జత మారడం కూడా కొత్త కాదు. మార్కు అనబడిన యోహానును వెంట తీసుకుపోవాలా వద్దా అన్న దగ్గర పౌలుకూ బర్నబాకూ తీవ్రమైన వాదం వచ్చి విడిపోయారని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం దాచకుండా చెబుతుంది. బర్నబా మార్కును తీసుకుని కుప్రకు వెళ్లాడు, పౌలు సీలను ఏర్పరచుకున్నాడు. అదే మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతడు తనకు పరిచారానికి ప్రయోజనకరమైనవాడని పౌలు తన చివరి రోజుల్లో తిమోతికి రాశాడు. కనుక విడిపోవడాన్ని తప్పు జరిగిందనడానికి గుర్తుగా చూడవద్దని మీ అమ్మగారికి చెప్పండి.

నా అభ్యంతరం వేరొకటి ఉంది. అదే పౌలు కొరింథులో ఏడాదిన్నర, ఎఫెసులో మూడేళ్లు ఉన్నాడు. మా ప్రాంతంలో సంఘం పెరిగింది కూడా ఊళ్లో కాపురం ఉన్న ఉపాధ్యాయుల వల్లనే. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి సీమకు చెందిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఈ నేలను విడవలేదు. ఆయన కాలంలో పల్లెకు వెళ్లిన ఉపాధ్యాయుడు భార్యాబిడ్డలతో వెళ్లి, అక్కడి బావి నీళ్లు తాగి, పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యం చెప్పేవాడు. మా తాతగారు ఆ తరంవారే. వారాలు లెక్కపెట్టి మనుషులను మార్చే పద్ధతిలో సేవ చేసేవారికి అనుభవం రావచ్చు గానీ, సేవ పొందేవారి సంగతి ఏమిటి? మీ తమ్ముణ్ణి వేరొకరి పేరుతో పిలిచే ఆ పెద్దాయన ప్రతి రెండు మూడు నెలలకూ ఒక కొత్త ముఖం చూడాలి కదా. అయినా ఒక తమిళుడు మాకోసం తెలుగు నేర్చాడు, మన పిల్లవాడు అక్కడ తమిళం నేర్చుకుంటున్నాడు. అందుకు మాత్రం నాకు సంతోషంగానే ఉంది.

సమాధానం: మళ్లీ కాజీపేట నుంచి

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనది. కంపానియన్ మారినంత త్వరగా ఊరు మారదు, ఒక్కో ఊళ్లో సాధారణంగా కొన్ని నెలలు ఉంటాం. అంతకు మించి, అక్కడ కాపురం ఉండే పని స్థానిక సభ్యులది. కోయంబత్తూరులో సంఘపు శాఖ ఉంది. మిషనరీ మారినా ఆ శాఖలోని కుటుంబాలు మారవు. మీ తాతగారు చేసిన పనిలో కొంత భాగం అక్కడ వారు చేస్తారు, మిషనరీ వారికి సాయంగా తిరుగుతాడు. అయితే వృద్ధాశ్రమంలో ఉన్నవారికి ఈ ఏర్పాటు తెలియదు, వారికి తెలిసింది వచ్చే మనిషి మాత్రమే అన్న మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను ఒక ఊరు వదిలి వెళ్లేటప్పుడు ఎవరికీ చెప్పకుండా పోకూడదని పట్టుబట్టి, చివరి రెండు రోజులూ కొత్తగా వచ్చిన అతన్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగాను. అన్నిసార్లూ అంత వ్యవధి దొరకదు.

ప్రశ్న అడిగిన అక్క

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు రాసిన మార్కు సంగతి అమ్మకు చదివి వినిపించాను. ఆ అధ్యాయం ఆమెకు బాగా తెలిసినదే అయినా బైబిలు తెరిచి మళ్లీ చూసుకుని, "మరి బర్నబా అటెన్క ఏమైండు?" అని అడిగింది. అంటే దిగులు తగ్గినట్లే. వచ్చే సోమవారం కొత్తబ్బాయిని కూడా పిలిచి మాట్లాడుతుందట. ఇంకొక్క సందేహం మిగిలింది. మామిడికాయ తొక్కు, సకినాలు పార్శిల్ పంపాలని డబ్బా సిద్ధం చేసింది. ఇలా మనుషులు మారుతూ ఉంటే ఏ చిరునామాకు పంపడం మంచిది?

సమాధానం: కరీంనగర్ సహోదరి

మీ తమ్ముడు ఈ విడత అక్కడే ఉంటున్నాడు కనుక ఇప్పుడు పంపితే వాడున్న ఇంటి చిరునామాకే చేరుతుంది. ట్రాన్స్‌ఫర్ల వారం దగ్గరపడితే మాత్రం ఆగి, సోమవారం వాడినే అడిగి పంపండి. సకినాలు దారిలో విరగకుండా స్టీలు డబ్బాలో పేర్చి పైన కాగితం కుక్కండి, తొక్కు సీసాకు మూత చుట్టూ టేపు వేయండి. ఇద్దరికి సరిపడా పంపండి.